'ఆగస్ట్' అనే విశేషణం గురించి

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ ఇంగ్లిష్ వ్యాసం శ్రద్ధగా చదివాను. అందులో నెల పేరులా కనిపించే 'ఆగస్ట్' అన్న విశేషణం నాలుగుసార్లు వాడావు: ఒక న్యాయస్థానానికి, ఒక పర్వతానికి, ఓ యువ గాయనికి, చివర మీ మిత్రబృందానికి. వాటిలో మొదటిది ఒక్కటే నిలుస్తుంది.

లాటిన్‌లో 'ఆగస్టస్' అంటే పూజనీయమైనది. రోమన్లు పవిత్ర స్థలాలకు వాడే ఆ మాటను సెనేట్ క్రీ.పూ. 27లో రోమ్ తొలి చక్రవర్తి ఆక్టేవియన్‌కు బిరుదుగా ఇచ్చింది. క్రీ.పూ. 8లో సెక్స్‌టిలిస్ నెలకు ఆ బిరుదే పేరైంది. కాబట్టి నెలకూ విశేషణానికీ మూలం ఒక్కటే, పలకడం మాత్రం వేరు. నెల పేరులో మొదటి అక్షరాన్ని ఒత్తి పలుకుతారు, విశేషణంలో 'గ'ను. సభలో చదివేటప్పుడు ఇది తప్పితే వినేవాళ్లు తికమకపడతారు. రాతలో నెలకు పెద్దక్షరం, విశేషణానికి చిన్నక్షరం.

ఆ పూజ్యభావం ఈ మాటను ఇంకా వదల్లేదు. చాలాకాలంగా గౌరవం పొందుతున్నదై ఉండాలి, దాని ముందు మనం కాస్త ఒదిగి నిలబడాలి. అప్పుడే ఇది అతుకుతుంది. పర్వతంలో నువ్వు చూపదలచింది కంటికి కనిపించే ఠీవి, దానికి 'మెజెస్టిక్' ఉంది. గాయనికి ప్రతిభ ఉంది, 'గిఫ్టెడ్' అను. తన రంగంలో అగ్రస్థానానికి చేరాక 'ఎమినెంట్' అనవచ్చు, కీర్తి నలుదిక్కులా పాకితే 'ఇలస్ట్రియస్' అనవచ్చు. మిత్రబృందం సంగతి మరీ ప్రమాదం. చిన్నవాటికి ఈ మాట తగిలించడం ఇంగ్లిష్‌లో పాత వెక్కిరింపు పద్ధతి. నువ్వు మనసారా మెచ్చుకున్నా పాఠకుడు ఎగతాళి అనుకుంటాడు.

ఇది ఎక్కువగా నామవాచకానికి ముందే ఉంటుంది. బాడీ (సంస్థ అనే అర్థంలో), అసెంబ్లీ, ఇన్‌స్టిట్యూషన్, కంపెనీ (కూడి ఉన్నవాళ్లు అనే అర్థంలో), ప్రెజెన్స్ దీనికి అలవాటైన జోడీలు. వాక్యం చివర క్రియ తర్వాత పెడితే బిగుసుకుపోయినట్టుంటుంది. ముందు 'వెరీ' చేర్చకు, ఆ స్థాయి మాటలోనే ఉంది. 'వెనరబుల్'తో జత చేసినా చెప్పిందే మళ్లీ చెప్పినట్టు. 'ఆగస్ట్ గ్యాదరింగ్' అన్నది వేదికల మీద అరిగిపోయింది. రాసేటప్పుడు ఆ సభలో ఎవరున్నారో చెబితే గౌరవం దానంతటదే వస్తుంది.

న్యాయస్థానం వాక్యంలో 'గ్రేట్' తీసెయ్యి. ఆ కోర్టు ఎప్పటినుంచి ఉందో, పేరుపడిన ఏ తీర్పు ఇచ్చిందో అక్కడే ఒక ముక్క చేర్చు, విశేషణానికి ఆధారం దొరుకుతుంది. మిగతా మూడూ మార్చి మళ్లీ పంపు.

శుభాకాంక్షలతో.