రోజుకు 14 కిలోమీటర్లకు డీజిల్ కారు వద్దు

కూకట్‌పల్లి నుంచి ఆఫీసుకు రానూపోనూ 14 కిలోమీటర్లు, నెలకోసారి ఖమ్మం, మోకాళ్ల నొప్పులున్న అమ్మగారు, చేతిలో 8 లక్షలు. దీనికి పాత డీజిల్ కారు బేరమాడుతున్నానన్నారు. కాస్త ఆగండి.

బీఎస్6 (ఇప్పటి కాలుష్య నిబంధనల ప్రకారం తయారైన) డీజిల్ బండ్లలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి కాసేపు ఆగకుండా వేగంగా నడవాలి. సిగ్నల్ సిగ్నల్‌కూ ఆగే మీ దారిలో అది పూడుకుపోతుంది. మా తమ్ముడికి ఇదే జరిగింది. డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగినప్పుడల్లా ఔటర్ రింగ్ రోడ్డెక్కి ఊరికే తిరిగి వచ్చేవాడు. ఆదా అయిన డీజిల్ అక్కడే కాలిపోయింది!

మీకు పెట్రోలు చాలు. సీఎన్‌జీలో చాలా మోడళ్లకు సిలిండర్ డిక్కీని మింగేస్తుంది. ఊరి నుంచి బియ్యం బస్తా తెచ్చుకునేవారికి అది కుదరదు.

అమ్మగారిని షోరూముకు తీసుకెళ్లండి. మారుతి వ్యాగన్ఆర్, టాటా పంచ్ కార్లు రెండింటిలోనూ నాలుగైదుసార్లు ఎక్కించి దించండి. సీటు మరీ కిందికి ఉంటే లేవడం కష్టం, మరీ ఎత్తైతే ఎక్కడం కష్టం. ఆవిడ ముఖమే చెబుతుంది.

ఇంకొకటి, 8 లక్షలంటే జీవితకాల పన్ను, ఇన్సూరెన్సు అన్నీ కలిపి లెక్కేసుకోండి. ఇన్సూరెన్సు డీలరు దగ్గరే తీసుకోవాలన్న నిబంధన లేదు, బయట కూడా ధర అడగండి.