క్రోకెట్టా, క్రోకేనా?

సందేహం: పిల్లల కోసం ఒక ఇంగ్లిష్ కథను తెలుగు చేస్తున్నాను. అందులో పచ్చిక మీద కొయ్య సుత్తులతో బంతులు కొట్టే ఆట ఉంది. దాని పేరు క్రోకెట్ అని రాయాలా, క్రోకే అనా? క్రికెట్‌తో ఏమైనా చుట్టరికం ఉందా? ‘కొయ్యబంతులాట’ అంటే సరిపోదా?

సమాధానం: క్రోకే అనే రాయండి. ఫ్రెంచి నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చిన ఈ పేరు చివరి ‘ట’కారాన్ని ఇంగ్లిష్‌వాళ్లూ పలకరు. బొకే, బఫే, బ్యాలే మనకు అలా వచ్చినవే. బొకేలో, బొకేకి అన్నట్టే క్రోకేలో, క్రోకేకి అనవచ్చు. క్రోకెట్ అంటే ఇంకో చిక్కు ఉంది. అది బంగాళాదుంప ముద్దను రొట్టెపొడిలో దొర్లించి వేయించే వంటకం పేరు. కరకరమని కొరకడాన్ని చెప్పే ఫ్రెంచి క్రియ నుంచి పుట్టింది, ఆటతో సంబంధం లేదు.

క్రికెట్‌తోనూ చుట్టరికం లేదు, వినడానికి దగ్గరగా ఉంటాయంతే. ఆట పేరుకు మూలం కొక్కెం అనే అర్థమున్న ఫ్రెంచి ‘క్రోషే’కు ఉత్తర ఫ్రాన్స్ మాండలిక రూపమని నిఘంటుకారులు ఎక్కువగా చెబుతారు. కొన్ని ప్రాంతాల్లో ఆ మాటకు కొస వంగిన ఆటకర్ర అనే అర్థమూ ఉంది. మన ఇళ్లలో కొక్కెపు సూదితో అల్లే క్రోషియా కూడా ఆ ‘క్రోషే’నే. ఆట 1850లలో ఐర్లండ్ నుంచి ఇంగ్లండ్ చేరింది. వింబుల్డన్ టెన్నిస్ నడిపే క్లబ్బు కూడా 1868లో క్రోకే కోసమే పుట్టింది.

‘కొయ్యబంతులాట’ మాత్రం వద్దు. ఇప్పటి పోటీ బంతులు ప్లాస్టిక్‌వి, ఒక్కొక్కటి దాదాపు 450 గ్రాములు. అంతకంటే పెద్ద ఇబ్బంది, క్రోకే అనేది ఆటలోని ఒక దెబ్బకూ పేరు కావడం. మీ బంతితో ఇంకో బంతిని తాకిస్తే అది రోకే. ఇంతవరకూ మన గోళీలాటే. ఆ తర్వాత మీ బంతిని తీసుకెళ్లి, తాకిన బంతికి ఆనించి పెట్టి, రెండూ కదిలేలా మీ బంతిని కొట్టాలి. అదే క్రోకే. రెండో బంతి కదలకపోయినా, కనీసం వణకకపోయినా తప్పు, మీ వంతు పోతుంది. సరిగ్గా పడితే ఇంకో దెబ్బ మీదే. ఆట పేరును అనువదించేస్తే ‘రోకే చేసి క్రోకే చేశాడు’ అనే వాక్యం దగ్గర కలం ఆగిపోతుంది. గోల్ఫ్ క్రోకే అనే రకంలో అసలు ఈ దెబ్బే ఉండదు కాబట్టి, కథలో ఉన్నది ఏ రకమో ముందు చూసుకోండి.

పరికరాలకు తెలుగు మాటలు హాయిగా సరిపోతాయి. మ్యాలెట్‌ను కొయ్య సుత్తి అనండి. బ్యాట్ అనకండి, ఎందుకంటే బంతిని కొట్టేది సుత్తి తల కొసతో. బంతి దూరి వెళ్లాల్సిన హూప్‌ను రింగు అంటే గుండ్రటి కడియం తోస్తుంది. రెండు కాళ్లూ నేలలో దిగేసిన దానికి ఇనుప కమాను అన్నదే నప్పుతుంది. క్రోకే దెబ్బ ఉండే రకమైన అసోసియేషన్ క్రోకేలో అవి 6. దాదాపు 92 మి.మీ. బంతి 95 మి.మీ. సందులోంచి పోవాలి, అందుకే కాస్త ఏటవాలుగా కొడితే కాలికి తగిలి ఆగిపోతుంది. ప్రతి బంతీ 6 కమానులనూ రెండేసి సార్లు దాటి, చివర మధ్యలోని కొయ్య గుంజను తాకాలి.