భూగర్భంలో సున్నపురాయి

ప్రశ్న: పిడుగురాళ్ల బట్టీల్లో సున్నపురాయి కాలి సున్నమవుతుంది. అంతకన్నా వేడిగా ఉండే భూగర్భంలో అది రాయిగా ఎలా నిలుస్తుందండీ?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: బట్టీలో సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వద్ద, సున్నపురాయిలోని ప్రధాన ఖనిజమైన కాల్సైట్ (కాల్షియం కార్బొనేట్) నుంచి కార్బన్ డయాక్సైడ్ విడివడి గాలిలో కలిసిపోతుంది కనుకనే సున్నం మిగులుతుంది. భూమి లోతుల్లో పైనున్న శిలల బరువు ఆ వాయువును విడివడనివ్వదు. అందువల్ల ఇంకా ఎక్కువ వేడిలోనూ ఖనిజం చెదరదు. అయితే దాని లోపలి అమరిక మారుతుంది. సముద్రగర్భ ఫలకంతో (సముద్రం అడుగునున్న భూమి పైపొర పలకతో) పాటు కిందికి దిగే కాల్సైట్ ముందుగా, పరమాణువులు మరింత దగ్గరగా సర్దుకున్న అరగొనైట్‌గా మారుతుంది. ముత్యంలో ఉండే ఖనిజమూ ఇదే. ఇంకా లోతున, మాంటిల్ (భూమి పైపొరకూ కేంద్రకానికీ నడుమనున్న మందపాటి పొర) శిలల్లోని మెగ్నీషియంతో చర్య జరిగి మాగ్నసైట్ అనే మెగ్నీషియం కార్బొనేట్ ఏర్పడుతుంది.

అన్నిటికన్నా అద్భుతమైన మార్పు మాంటిల్ అడుగున, దాదాపు 2,900 కిలోమీటర్ల లోతున జరగగలదు. అక్కడి పీడనం మన వాతావరణ పీడనానికి సుమారు 13 లక్షల రెట్లు. రెండు వజ్రపు మొనల మధ్య ఖనిజపు రేణువును నొక్కి, లేజర్‌తో వేడిచేసిన ప్రయోగాల్లో, మామూలుగా మూడు ఆక్సిజన్ పరమాణువులతో ఒకే తలంలో బంధం ఏర్పరచుకునే కార్బన్, అంతటి ఒత్తిడిలో నాలుగింటితో చతుర్ముఖిగా (నాలుగు త్రిభుజాకార ముఖాల పిరమిడ్ ఆకారంలో) బంధం ఏర్పరచుకుంటుందని తేలింది. కిందికి దిగిన కార్బొనేటంతా అక్కడికి చేరదు. చాలావరకు దారిలోనే కరుగుతుంది, లోహరూపంలో ఉన్న ఇనుము తగిలితే అందులోని కార్బన్ వజ్రంగానూ మారుతుంది.