బయటి పేగులు కాదు, లోపలి పేగులు ఎలా ఉన్నాయో అడగండి

ఐదో నెల స్కానులో బిడ్డ పేగులు పొట్ట బయట తేలుతున్నాయని చెప్పారు, పుట్టాక ఎంత కష్టమవుతుందో స్కానులోనే తెలిసిపోతుందా అని మీరు అడిగారు. కొంత తెలుస్తుంది. అయితే ఒక్క స్కానుతో తెలియదు. అందరూ భయపడే చోట చూస్తే అసలే తెలియదు. నేను డాక్టరును కాను, గుత్తి దగ్గర ప్రభుత్వ బడిలో టీచరును. 2019లో మా చెల్లెలికి ఇదే జరిగింది. ఆమె స్కాను తీయించుకున్న ప్రతిసారీ పక్కన నిలబడింది నేనే.

అప్పుడు చెల్లెలికి పంతొమ్మిదేళ్లు. అత్తవారిది పత్తికొండ దగ్గర పల్లె. పంతొమ్మిదో వారంలో టిఫా స్కాన్ (బిడ్డ అవయవాల్లో లోపాలున్నాయేమో చూసే స్కాను) తీసిన చోట ఇంగ్లీషులో నాలుగు లైన్ల రిపోర్టు చేతిలో పెట్టి, "పేగులు బయట ఉన్నాయి, వాచిపోయాయి, ఈ బిడ్డ నిలవదు, గడువు దాటకముందే తీయించేయండి" అన్నారు. అప్పట్లో గర్భస్రావానికి చట్టం ఇచ్చిన గడువు 20 వారాలే. ఒక్క వారంలో ప్రాణం సంగతి తేల్చుకోమన్నారన్నమాట. 2021లో చట్టం మారింది. ఇలాంటి లోపాలున్నప్పుడు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో 24 వారాల దాకా, తీవ్రమైన లోపమని మెడికల్ బోర్డు తేలిస్తే ఆ తర్వాత కూడా వీలుంది. కాబట్టి మిమ్మల్ని ఎవరైనా రెండు రోజుల్లో చెప్పమని తొందరపెడితే లొంగకండి.

ఇంటికి వచ్చేసరికి గ్రహణం నాడు కత్తిపీట ముట్టుకుందని చెల్లెలి మీద నింద సిద్ధంగా ఉంది. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. గ్రహణానికీ పేగులకూ ఏ సంబంధమూ లేదు. ఇరవై ఏళ్లలోపు తల్లుల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుందని తర్వాత పిల్లల సర్జన్ చెప్పారు. ఇంటర్ పరీక్షలు రాసిన ఏడాదే పెళ్లి చేసిన మా పెద్దవాళ్లను ఆ మాట నిలదీయాలి గానీ, చెల్లెలి చేతిలోని కత్తిపీటను కాదు.

కర్నూలులో మేము కలిసిన స్కాను డాక్టరు ముందుగా వెతికింది వాపును కాదు, పొరను. పొట్ట గోడ లోపాల్లో ముఖ్యంగా రెండు రకాలు. ఆంఫలోసీల్‌లో బయటికి వచ్చిన పేగుల మీద, ఒక్కోసారి కాలేయం మీద కూడా, పలుచని పొర సంచిలా ఉంటుంది. బొడ్డుతాడు ఆ సంచి మీదికే వచ్చి కలుస్తుంది. అందులో గుండె లోపాలు, క్రోమోజోమ్ లోపాలు కూడా ఉండే అవకాశం ఎక్కువ కనుక గుండె స్కాను, జన్యు పరీక్ష తప్పనిసరిగా అడగాలి. గ్యాస్ట్రోస్కైసిస్‌లో పొర ఉండదు. బొడ్డుతాడు తన చోట తానుంటుంది, దాని పక్కన, సాధారణంగా కుడివైపు, చిన్న రంధ్రంలోంచి పేగులు ఉమ్మనీటిలోకి వచ్చేస్తాయి. మా బిడ్డకు పొర లేదని విని మేము ఏడ్చాం. ఆయన మాత్రం, మిగతా అవయవాలన్నీ బాగున్నాయి, ఈ రెండింటిలో ఇదే నయం అన్నారు.

ఆ తర్వాత రెండు మూడు వారాలకొకసారి స్కాను. నాకు బాగా గుర్తున్నది ముప్పై మూడో వారంలో తీసినది. ఆయనకు మాట్లాడుతూ స్కాను చేసే అలవాటు. ఇది తొడ ఎముక, ఇది మూత్రాశయం అని చెబుతూ పోయేవారు. ఆ రోజు మధ్యలో ఆగిపోయారు. ఒకేచోట ప్రోబును అటూ ఇటూ వంచి మూడుసార్లు కొలిచారు. చెల్లెలు నా వేళ్లు నలిపేస్తోంది. అప్పుడాయన తెరను మా వైపు తిప్పారు. పొట్ట బయట పేగులు పాయసంలో సేమ్యాలా మెలికలు తిరిగి తేలుతున్నాయి. "వీటిని చూసి భయపడకండి. ఉమ్మనీటిలో ఇన్నాళ్లు నానితే గోడ మందంగా అవుతుంది, కొంత ఉబ్బుతుంది కూడా. అంతమాత్రాన పేగు చెడిందని చెప్పలేం," అన్నారు. తర్వాత వేలు లోపలికి జరిపారు. పొట్ట లోపల, రంధ్రానికి ఇవతల, గోళీకాయలంత నల్లటి గుండ్రాలు రెండు. "నేను చూసేది ఇక్కడ. బిడ్డ మింగిన ఉమ్మనీరు ముందుకు పోలేక వెనక నిలిచిపోతోంది. పోయినసారి 8 మిల్లీమీటర్లు, ఇప్పుడు 16. జీర్ణాశయం కూడా ఉబ్బింది. ఎక్కడో ఒకచోట పేగు మూసుకుపోయి ఉండవచ్చు. కచ్చితంగా అని మాత్రం అనను."

"బిడ్డకు నొప్పిగా ఉంటుందా సార్?" అని చెల్లెలు అడిగింది. ఆయన ఏమీ అనకుండా గుండె చప్పుడు పెట్టారు. గది నిండా గుర్రం పరుగెత్తుతున్నట్టు వినిపించింది. అది విన్నాకే చెల్లెలు నా చేయి వదిలింది.

తెర తిప్పారని ఎందుకు అంత గట్టిగా చెబుతున్నానంటే, మొదటి చోట మాకు తెర చూపించనేలేదు. గోడ మీద లింగ నిర్ధారణ నేరమన్న బోర్డు చూపించి నోరు మూయించారు. 1994 నాటి ఆ చట్టం ఆడబిడ్డో మగబిడ్డో చెప్పవద్దంటుంది. పేగులు ఎలా ఉన్నాయో కన్నతల్లికి చెప్పవద్దని అందులో ఎక్కడా లేదు. అడగండి, అది మీ హక్కు.

ఆయన మాట మీద ముప్పై నాలుగో వారం నుంచే కర్నూలులో ఆసుపత్రికి నడిచి వెళ్లేంత దూరంలో గది అద్దెకు తీసుకున్నాం. ముప్పై ఆరో వారంలో అర్ధరాత్రి నొప్పులు వచ్చాయి. మామూలు కాన్పే. ఈ లోపం ఒక్కదాని కోసం సిజేరియన్ అక్కర్లేదట. పాప పుట్టగానే నడుము పైదాకా శుభ్రమైన ప్లాస్టిక్ సంచిలోకి దించి, పేగుల రక్తనాళాలు మెలిపడకుండా కుడిపక్కకు తిప్పి పడుకోబెట్టారు. ముక్కులో గొట్టం, చేతికి సెలైన్. పేగులను తొట్టి పైన వేలాడే సంచిలో పెట్టి రోజూ కొంచెం కొంచెంగా లోపలికి దించారు. ఆరో రోజు పొట్ట మూశారు. స్కాను అనుమానించినట్టే ఒకచోట పేగు మూసుకుపోయి ఉంది. వాపు తగ్గాక, కొన్ని వారాలకు మళ్లీ ఆపరేషన్ చేసి అతికారు. అప్పటిదాకా ఆహారమంతా రక్తనాళంలోంచే. డెబ్బై నాలుగో రోజు ఇంటికి తెచ్చుకున్నాం.

అయితే పక్క తొట్టిలో జమ్మలమడుగు నుంచి వచ్చిన వాళ్ల బాబు ఉండేవాడు. వాడి స్కానుల్లో చివరిదాకా లోపలి పేగు ఉబ్బలేదు, మూసుకుపోవడమూ లేదు. అయినా పాలు పట్టిన ప్రతిసారీ కక్కేవాడు, మేము వచ్చేసేనాటికి ఇంకా అక్కడే ఉన్నాడు. అది ఏ స్కానూ చెప్పలేదు. ఇంకో తొట్టిలోని బిడ్డను రాత్రిపూట వంద కిలోమీటర్ల దూరం నుంచి తడిగుడ్డ చుట్టి తెచ్చారు. తల్లికి ఒక్క టిఫా స్కాన్ కూడా తీయలేదట. చేతితో తాకితే బిడ్డ చల్లగా ఉంది. మర్నాడు ఉదయానికి ఆ తొట్టి ఖాళీ. సంపన్న దేశాల్లో ఇలాంటి బిడ్డలు నూటికి తొంభైమందికి పైగా బతుకుతున్నారు. మన దగ్గర బిడ్డలు పోయేది ఆ వంద కిలోమీటర్ల దారిలోనే అని నేను నమ్ముతున్నాను. స్కానులో కనిపించే ప్రతి కొలత కన్నా, పిల్లల సర్జన్ ఉన్న చోట కాన్పు జరగడమే ముప్పావు వంతు వైద్యం. బిడ్డను తీసుకెళ్లడానికి తల్లి కడుపును మించిన అంబులెన్స్ లేదు.

ఇంకో రెండు మాటలు. రిపోర్టులో బిడ్డ బరువు తక్కువని రాస్తే, పొట్ట చుట్టుకొలత ఎంత తీసుకున్నారో అడగండి. పేగులు బయట ఉండటం వల్ల ఆ కొలత చిన్నదిగా వచ్చి, బరువు ఉన్నదానికన్నా తక్కువ చూపవచ్చు. నిజంగానే పెరుగుదల తగ్గే బిడ్డలూ ఉంటారు కనుక వదిలేయవద్దు. చివరి రెండు నెలల్లో కదలికలు తగ్గినట్టు అనిపిస్తే తెల్లవారేదాకా ఆగకండి. ఈ బిడ్డలు కడుపులోనే పోయే ప్రమాదం మామూలు కన్నా ఎక్కువ.

మా పాప ఇప్పుడు ఒకటో తరగతి. బొడ్డు ఉండాల్సిన చోట చిన్న గీత ఉంది.

మీకు ఎన్నో వారమో, ఏ ఊరో రాయలేదు. రిపోర్టులో పొర ఉందని రాశారా, లోపలి పేగు కొలత మిల్లీమీటర్లలో ఇచ్చారా చూసి ఇక్కడే చెప్పండి. కర్నూలు మీకు దగ్గరైతే తర్వాతి స్కానుకు నేను వస్తాను.