మీటరు తిప్పిన కారు అమ్మారు... డబ్బు తిరిగి వస్తుందా?

ప్రశ్న: ఆరు నెలల క్రితం హైదరాబాద్‌లో ఒక డీలరు దగ్గర సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు 6.40 లక్షలకు కొన్నాను. మీటరులో 41 వేల కిలోమీటర్లు ఉంది. ఆన్‌లైన్ ప్రకటనలోనూ అంతే రాశారు. మొన్న కంపెనీ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే, రెండేళ్ల క్రితమే 98 వేలు తిరిగినట్టు రికార్డులో ఉంది. డీలరును నిలదీస్తే ‘ఉన్నది ఉన్నట్టు కొంటున్నానని సంతకం పెట్టారుగా, మీటరు సంగతి పాత ఓనరును అడగండి’ అంటున్నాడు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: అమెరికాలో కారు చేతులు మారేటప్పుడు మీటరు రీడింగ్ ఎంతో, అది అసలుదో కాదో అమ్మేవారు సంతకం పెట్టి చెప్పాలని ప్రత్యేక చట్టమే ఉంది. మనకు అలాంటిది లేదు. ఓనరు పేరు మార్చే ఫారం 29, 30లలో రీడింగ్ రాసే గడి కూడా ఉండదు. అంతమాత్రాన డీలరు తప్పించుకోలేడు. లేని నాణ్యత ఉందని చెప్పి అమ్మడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. మీటరు ఎవరు తిప్పారో రుజువు చేసే భారం మీ మీద లేదు. 41 వేలని చెప్పి అమ్మింది అతను. ఆ మాట అబద్ధమని చూపిస్తే కేసు నిలబడుతుంది.

‘ఉన్నది ఉన్నట్టు’ సంతకం గీతలకూ, సొట్టలకూ, అరిగిన టైర్లకూ పనికొస్తుందేమో గానీ అబద్ధానికి రక్షణ కాదు. ‘కొనేముందే సర్వీస్ రికార్డు చూసుకోవాల్సింది’ అన్న వాదన కూడా వస్తుంది. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 19 ప్రకారం ఆ వాదన చెల్లేది అమ్మినవారు మౌనంగా ఉన్నప్పుడో, తెలియక తప్పు చెప్పినప్పుడో. తెలిసి నోటితోనో రాతతోనో అబద్ధం చెబితే చెల్లదు. అందుకే ఆ ప్రకటన మీకు ప్రాణం. అది తీసేయకముందే స్క్రీన్‌షాట్ తీయండి, వాట్సాప్ చాట్ చెరపకండి.

సర్వీస్ సెంటర్ నుంచి తేదీ, కిలోమీటర్లు ఉన్న పాత జాబ్ కార్డుల (సర్వీసుకు ఇచ్చినప్పుడు రాసే కాగితాల) కాపీలు ముద్ర వేయించి తీసుకోండి. కొన్ని మోడళ్లలో రీడింగ్ మీటరులోనే కాక బండిలోని చిన్న కంప్యూటర్లయిన ఇతర కంట్రోల్ యూనిట్లలోనూ నమోదవుతుంది. తిప్పేవాళ్లు చాలాసార్లు మీటరు వరకే మారుస్తారు. స్కానర్‌తో చదివించి ప్రింటు తీయించండి. డీలరు ‘సరిచేసి ఇస్తా, బండి వదిలి వెళ్లండి’ అంటే మాత్రం ఇవ్వకండి, సాక్ష్యం కాస్తా చెరిగిపోతుంది. డబ్బు వెనక్కి కావాలనుకుంటే బండి వాడకం కూడా ఆపేయండి. మోసం తెలిశాక మామూలుగా తిప్పుకుంటూ ఉంటే ఒప్పందాన్ని మీరే ఒప్పుకున్నట్టవుతుంది.

ఇక ‘నేను మధ్యవర్తినే’ అంటే... 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన మోటారు వాహనాల నిబంధనల ప్రకారం పాత బండ్లు కొని అమ్మే డీలరుకు రవాణా శాఖ అధికారపత్రం ఉండాలి. ఓనరు బండి అప్పగించినట్టు ఫారం 29సీలో తెలియజేస్తే, అమ్ముడయ్యే దాకా డీలరే యజమాని కింద లెక్క. ట్రయల్‌కు తిప్పినా తిరిగిన కిలోమీటర్లతో సహా రిజిస్టరులో రాయాలి. కేసు వేశాక ఆ రిజిస్టరు తెప్పించమని వినియోగదారుల కమిషన్‌ను అడగండి. అధికారపత్రమే లేదంటే మీ వాదనకు అదో బలం.

ముందు స్పీడ్ పోస్టులో 15 రోజుల గడువుతో లీగల్ నోటీసు పంపండి. పాత ఓనరు పేరు కూడా చేర్చండి, ఇద్దరూ ఒకరి మీద ఒకరు నెట్టుకుంటే మీకే మంచిది. స్పందన లేకపోతే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, హైదరాబాద్ వెళ్లనక్కర్లేదు. మీరు చెల్లించింది 5 నుంచి 10 లక్షల మధ్య ఉంది కాబట్టి ఫీజు 200 రూపాయలు. కారణం తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి. ప్రధానంగా కారు వాపసు తీసుకుని డబ్బు ఇప్పించాలనీ, అది కాకుంటే 41 వేలకూ అసలు రీడింగ్‌కూ మధ్య ఉన్న ధర తేడా, పరిహారం, ఖర్చులు ఇప్పించాలనీ రెండూ అడగండి. ఆ తేడాకు వాల్యుయర్ రిపోర్టు జతచేయండి. లేకుంటే కమిషన్ తనకు తోచిన అంకె వేస్తుంది.

భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద పోలీసు కేసు కూడా పెట్టొచ్చు. అయితే అక్కడ డీలరుకు మొదటి నుంచీ మోసపు ఉద్దేశం ఉందని తేలాలి. డబ్బు రావడానికి మాత్రం కమిషనే దగ్గరి దారి.

నోటీసు అందగానే రాజీకి వస్తే ఒప్పుకోవచ్చు, కానీ డబ్బు ఖాతాలో పడ్డాకే తాళాలు ఇవ్వండి. ఆర్సీ మీ పేరు మీదే ఉంటే ఫారం 29సీ సమర్పించిన రసీదు చేతికొచ్చేదాకా బండి కదలనివ్వకండి. ఈలోపు ఎక్కడైనా యాక్సిడెంట్ జరిగితే నోటీసు మీ ఇంటికే వస్తుంది.