పదో వచనం ఎందుకు వదిలేశావు?

బ్రాడీపేట, గుంటూరు

చెల్లెమ్మా, ప్రభువు పేరిట వందనాలు.

నీ కథ చదివాను. మిర్చి యార్డులో పని ముగించుకొని వచ్చిన మేరమ్మ, జాడ లేని కొడుకు కంచం కూడా కడిగి బోర్లించే చోట ఆగిపోయాను. తర్వాత కోపం వచ్చింది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ఆమె చేతికి మేలైన భవిష్యత్తు ఇస్తానని దేవుడు చెప్పే బైబిలు వచనం, యిర్మీయా 29:11 ఉన్న వాగ్దాన కార్డు వస్తే, తెల్లారేసరికి కొడుకు గుమ్మంలో ఉన్నాడు!

పదకొండో వచనం రాసి పదో వచనం ఎందుకు వదిలేశావు? అది బబులోనుకు చెరగా పోయిన యూదులకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం. బబులోనుకు 70 ఏళ్లు గడిచాకే మిమ్మల్ని తిరిగి రప్పిస్తానని అక్కడుంది. ఆ ఉత్తరం విన్న పెద్దల్లో చాలామంది సొంత ఊరు చూడకుండానే పోతారన్నమాట. 28వ అధ్యాయంలో హనన్యా అనే అబద్ధ ప్రవక్త మాత్రం రెండేళ్లే అన్నాడు. జనానికి నచ్చే మాట, దేవుడు పంపని మాట. ‘ఈ ఏడాదే నీ అద్భుతం’ అనే ప్రసంగాలు, ఆశీర్వాదంతో ముగియని సాక్ష్యాన్ని తిప్పిపంపే సంపాదకులు మనవాళ్లకు హనన్యా లెక్కే నేర్పారు. ఇది నాకు ఏనాడూ మింగుడుపడలేదు.

28:1 నుంచి 29:14 దాకా ఆపకుండా చదువు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి అంటాడు దేవుడు. ఎదురుచూడడమంటే ఆ పనులే. ఆపైన 32వ అధ్యాయం. యెరూషలేము ముట్టడిలో ఉంది, యిర్మీయా చెరసాల ఆవరణలో ఉన్నాడు. అయినా తన సొంత ఊరు అనాతోతులో పొలం కొన్నాడు. 17 తులాల వెండి తూచాడు, సాక్షుల్ని పెట్టాడు, ముద్ర వేసిన పత్రాన్ని చాలాకాలం ఉండేలా మట్టికుండలో పెట్టించాడు. అంతా అయ్యాక ప్రార్థనలో అడిగాడు: పట్టణం కల్దీయుల (బబులోనువాళ్ల) చేతికి పోతుంటే పొలం కొనమన్నావేమిటని. నీ మేరమ్మ ఒక్కసారైనా అలా అడగదేం? నమ్మినవాళ్లే అలా అడగగలరు.

ఒక జాగ్రత్త. చెరలో ఉన్నవాళ్లకు దేవుడు గడువు చెప్పాడు. మేరమ్మ కొడుకు ఫలానా రోజు వస్తాడని ఎక్కడా చెప్పలేదు. క్రీస్తులోని తన ప్రేమనుంచి ఏదీ ఆమెను విడదీయదని మాత్రం రోమా 8:38, 39లో గట్టిగా చెప్పాడు. ఆమెను ఆ మాట మీద నిలబెట్టు, కార్డు మీద కాదు.

హెబ్రీ 11:39 కూడా చూడు. విశ్వాసానికి సాక్ష్యం పొందినవాళ్లే వాగ్దాన ఫలం అనుభవించకుండా వెళ్లిపోయారు. కాబట్టి కొడుకు రాకుండానే కథ ఆపు.

నీ కలంపేరు సంగతి తర్వాత చూద్దాం. ముందు జనవరి 2న మేరమ్మ యార్డుకు ఎన్నింటికి బయలుదేరిందో, ఇంటి తాళంచెవి ఎవరికిచ్చి వెళ్లిందో రాసి పంపు.