ఎమర్జెన్సీ లాంటి పాలనలో మహిళలు, పౌర సంఘాలు నిజంగా ఏమైనా చేయగలిగారా?

చేశారు, పెద్ద మూల్యం చెల్లించి. బెంగళూరు శేషాద్రి రోడ్డులోని ఫ్రీడమ్ పార్కుకు వెళ్లి చూడండి. ఇప్పుడు ధర్నాలకు కేటాయించిన ఆ స్థలం ఒకప్పటి సెంట్రల్ జైలు. మన తెలుగింటి నటి స్నేహలతారెడ్డి (కవి పఠాభి భార్య) అక్కడే ఎనిమిది నెలలకు పైగా బందీ.

ఆమెను 1976 మే 2న అరెస్టు చేశారు. సరిగ్గా నాలుగు రోజుల ముందు, ఎమర్జెన్సీలో హెబియస్ కార్పస్ (నిర్బంధించిన మనిషిని కోర్టు ముందు హాజరుపరచాలనే పిటిషన్) కోరే హక్కు లేదని సుప్రీంకోర్టు 4-1 తేడాతో తీర్పిచ్చింది. అంటే మీసా (విచారణ లేకుండానే నిర్బంధించే అంతర్గత భద్రతా చట్టం) కింద లోపల పెడితే కోర్టుకెళ్లి అడగడానికి కూడా దారి లేదు. ఆమెపై ఏ నేరమూ రుజువు కాలేదు.

నా దృష్టిలో అసలు విషయం ఆ తర్వాతది. ఉబ్బసంతో ఊపిరాడని స్థితిలోనూ ఆమె తన విడుదల గురించి మాత్రమే ఆలోచించలేదు. పేరూ ఊరూ ఎవరికీ పట్టని మహిళా ఖైదీల కోసం నిలబడింది. జైల్లో డైరీ రాసింది. 1977 జనవరిలో పెరోల్ మీద బయటికొచ్చిన కొద్ది రోజులకే, 20న కన్నుమూసింది. అదే ఏడాది మానవ హక్కుల కార్యకర్తలు ఆ డైరీని అచ్చువేశారు.

పౌర సంఘాల పని చాలాసార్లు ఇలాగే ఉంటుంది: జరిగింది రాసి పెట్టడం, ఖైదీల కుటుంబాలకు తోడుండటం. 1976లోనే లోక్‌నాయక్ జయప్రకాశ్ నారాయణ్ చొరవతో పౌర హక్కుల సంఘం మొదలైంది. అదే నేటి పీయూసీఎల్ (పీపుల్స్ యూనియన్ ఫర్ సివిల్ లిబర్టీస్).